మగ్గాల ఊరికి వచ్చిన మగ్గాలవాళ్ల బండి

ఒడిశా గంజాం జిల్లాలోని బరంపురం పాత వీధుల్లో కారు తలుపు బార్లా తెరవాలంటే చోటు వెతుక్కోవాలి. ఒక పక్క అరుగులు, వాటిని ఆనుకుని కాలవ, కాలవ మీద పరిచిన బండలు, ఆ బండల మీద స్కూటర్లు. ఇంకో పక్క హారన్ కొడుతూ దూసుకొచ్చే ఆటో. అలాంటి వీధిలోకి మారుతి వ్యాను వచ్చి అరుగుకి జానెడు ఎడంలో ఆగేది. తలుపు బయటికి తెరుచుకోదు. బండి ఒంటిని రాసుకుంటూ గరగరమని వెనక్కి జారుతుంది. లోపల్నుంచి ముందు ఒక సంచీ, తర్వాత ఒక పిల్ల, ఆ వెనక పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకున్న మామ్మగారు. "మామ్మగారూ, తల కాస్త వంచండి" అనేవాడు డ్రైవరు. ఆవిడ తల వంచి, ఒక కాలు కింద మోపి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా అరుగెక్కి లోపలికి వెళ్లిపోయేవారు.

ఆ బండిని చూసి ముచ్చటపడినవాళ్లు మాత్రం తక్కువ. ముక్కు లేదు, నడుం లేదు, నాలుగు చక్రాల మీద ఒక డబ్బా. పెళ్లిచూపులకి ఎవరూ దాంట్లో వెళ్లాలనుకోరు. సినిమాల్లో హీరోయిన్‌ని ఎత్తుకుపోయేది అదే, ఆస్పత్రికి రోగిని చేర్చేది అదే, పొద్దున్నే బడిపిల్లల్ని కుక్కి తీసుకెళ్లేదీ అదే. అయినా మూడున్నర దశాబ్దాల పాటు మన ఇళ్లలోని ఎనిమిది మందిని ఒకే బండిలో చుట్టాలింటికి చేర్చిన ఘనత దానిదే. ఇంటి బండిని ముందు నుంచి చూసి కాదు, పక్క తలుపు తెరిచి చూసి అంచనా వెయ్యాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ పక్క తలుపు మన వీధిదాకా వచ్చిన దారి చాలా పొడవైనది.

ఆ దారి మగ్గం దగ్గర మొదలైంది.

జపాన్‌లో హమామత్సు నేతకి పేరున్న ఊరు. వడ్రంగం నేర్చుకున్న మిచియో సుజుకి 1909లో అక్కడ మగ్గాలు తయారుచేసే కార్ఖానా పెట్టాడు. ఆయన చేసిన తొలి మగ్గం తల్లికే ఇచ్చాడని ఆ కంపెనీ కథల్లో చెప్పుకుంటారు. 1920లో ఆ కార్ఖానా సుజుకి మగ్గాల తయారీ కంపెనీ అయింది. జపాన్ పట్టు పరిశ్రమకి మగ్గాలు అమ్ముకుంటూ ముప్పై ఏళ్లు బతికింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నేత గిరాకీ పడిపోయేసరికి, 1952లో సైకిలుకి తగిలించుకునే 36 సీసీ ఇంజను చేసింది. 1955లో సుజులైట్ అనే చిన్న కారు, 1961లో సుజులైట్ క్యారీ అనే చిన్న సరుకుబండి వచ్చాయి. మన మారుతి వ్యాను ఆ క్యారీ వంశంలోదే.

బరంపురం కూడా పట్టు ఊరే. అంచున గుడిగోపురాల్లాంటి కుంభాలు తీర్చిన చీరలు, మగవాళ్లకి జోడు పంచెలు, వాటిని నేసే దేరా నేతవారి వీధులు. ఆ నేతవారి పూర్వీకులు ఈ ప్రాంతాన్ని ఏలిన మహురి రాజుల కాలంలో తెలుగు దేశం నుంచి వచ్చారని ఊళ్లో చెబుతారు. పట్టుమగ్గాలు చేసిన కంపెనీ బండి పట్టు నేసే ఊరికి చేరడం కాకతాళీయమే. నాకు మాత్రం ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ డబ్బా బండి మీద చుట్టరికం లాంటిదేదో ఏర్పడింది. పైగా మన రోడ్ల మీద కుటుంబాల బండిగా దాని తర్వాత పేరు తెచ్చుకున్న క్వాలిస్, ఇన్నోవాల వెనకా మగ్గమే ఉంది. టయోటాకి పునాది సకిచి టొయోడా స్వయంచాలక మగ్గాలు. ఆయన కొడుకు కీచిరో ఆ మగ్గాల కంపెనీలోనే 1933లో మోటారు విభాగం తెరిచాడు.

ఇక ఆ డబ్బా ఆకారం. అది ఎవరి అందాల ఊహలోంచీ పుట్టలేదు, జపాన్ పన్నుల లెక్కలోంచి పుట్టింది. యుద్ధం తర్వాత సామాన్యులకి బండి అందాలని అక్కడి ప్రభుత్వం కేయి అనే చిన్న బండ్ల తరగతి పెట్టింది. కొలతలు దాటకపోతే పన్ను తక్కువ. 1976 నాటి నిబంధన ప్రకారం ఇంజను 550 సీసీ, పొడవు 3.2 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లు దాటకూడదు. పొడవూ పెంచలేరు, వెడల్పూ పెంచలేరు. సరుకు మాత్రం ఎక్కువ పట్టాలి. అప్పుడు ఇంజనీరుకి మొదట కనిపించే వృథా బానెటే. దాన్ని తీసేసి, ఇంజనుని ముందు సీట్ల కిందికి తోసి, డ్రైవరుని ముందు చక్రాల మీద కూర్చోబెట్టారు. పైకి పెరగడానికి అడ్డు తక్కువ కాబట్టి కప్పు ఎత్తారు. చిన్న వీధుల్లో సరుకు దింపాలి కాబట్టి తలుపుని పక్కకి జార్చారు. 1979లో వచ్చిన క్యారీ ఈ పద్ధతిలో తయారైంది. దానికే 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను పెట్టి మనకి అందించారు.

కొలతలు పక్కపక్కన పెట్టి చూడండి. మారుతి 800 పొడవు 3335 మిల్లీమీటర్లు, వెడల్పు 1440. వ్యాను పొడవు 3370, వెడల్పు 1410, ఎత్తు 1640. అంటే 800 కంటే వ్యాను పొడవు మూడున్నర సెంటీమీటర్లే ఎక్కువ, వెడల్పు మూడు సెంటీమీటర్లు తక్కువ. అంబాసిడర్ దాదాపు 4.3 మీటర్లు. ఆ కారు కంటే సుమారు ఒక మీటరు పొట్టి బండిలో దానికంటే ఎక్కువ మంది కూర్చున్నారు. 800లో నలుగురు మోకాళ్లు ముడుచుకునే చోట వ్యానులో ఎదురుబదురు సీట్లేసుకుని ఎనిమిది మంది. ఇందులో మాయ ఏమీ లేదు. ఇంజనుకి ఇచ్చే చోటు మనిషికి ఇచ్చారు.

మారుతి ఉద్యోగ్ 1981 ఫిబ్రవరిలో పుట్టింది. 1982 అక్టోబరు 2న సుజుకితో ఒప్పందం, 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి 800. దాదాపు ఏడాదికి, 1984లో, వ్యాను వచ్చింది. అప్పుడు దాని పేరు మారుతి వ్యాను మాత్రమే. ఆమ్నీ అన్న పేరు 1988లో పెట్టారు గానీ మా ఊళ్లో చాలామంది చివరిదాకా వ్యాను అనే అన్నారు.

అదే సమయంలో ప్రపంచంలో ఇంకో రెండు చోట్ల ఇలాంటి బండే పుట్టింది. మూడింటి వయసులో తేడా సుమారు ఏడాదే.

అమెరికా కథ చెప్పుకోదగ్గది. 1964లో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్ తెచ్చింది. పొడవాటి ముక్కు, పొట్టి వెనకభాగం, కుర్రకారు కలల బండి. దాని వెనకున్న ఇద్దరు లీ అయకోకా, హాల్ స్పెర్లిచ్. 1970ల్లో స్పెర్లిచ్ మనసు ఇంకో బండి మీదికి మళ్లింది. వ్యాను లాంటి చోటు, కారు లాంటి నడక, ఇంటి గరాజులో పట్టే ఎత్తు. వాళ్లు జనాన్ని అడిగితే తేలిన సంగతులు చాలా మామూలువి. గరాజులో పట్టాలి, ఆడవాళ్లు ఇబ్బంది లేకుండా ఎక్కేంత కింద నేల ఉండాలి, ముందు ఇంజను ఉన్న ముక్కు ఉండాలి, గుద్దుకుంటే ఆ ముక్కు దెబ్బ తీసుకోవాలి. ఈ ఆలోచన రెండో హెన్రీ ఫోర్డ్‌కి నచ్చలేదు. 1976లో స్పెర్లిచ్‌ని, 1978లో అయకోకాని ఫోర్డ్ నుంచి సాగనంపారు. ఇద్దరూ క్రైస్లర్‌లో మళ్లీ కలిశారు.

క్రైస్లర్ అప్పటికే మునిగిపోతోంది. అమెరికా ప్రభుత్వం 150 కోట్ల డాలర్ల అప్పుకి పూచీ నిలబడితే గానీ ఊపిరి పీల్చలేని పరిస్థితి. ఆ కంపెనీ దగ్గర ముందు చక్రాలతో నడిచే కొత్త కారు ఒకటుంది. ముందు చక్రాలే బండిని లాగితే వెనక్కి షాఫ్టు అక్కర్లేదు, షాఫ్టు లేకపోతే నేల మధ్యలో బొడిపె ఉండదు. స్పెర్లిచ్‌కి కావలసిన చదునైన నేల దొరికింది. 1983 నవంబరు 2న కెనడాలోని విండ్సర్ కార్ఖానాలో మొదటి మినీవ్యాను బయటికొచ్చింది. డాడ్జ్ కారవాన్ అని ఒక పేరు, ప్లిమత్ వోయేజర్ అని ఇంకో పేరు. ఎత్తు సుమారు 164 సెంటీమీటర్లు, రమారమి మన వ్యాను అంతే. మొదటి ఏడాదే రెండు లక్షలకు పైగా అమ్ముడై కంపెనీని గట్టెక్కించింది. మస్టాంగ్ చేసిన చేతులే దీన్నీ చేశాయన్నది నాకు ఎంతో ఇష్టమైన సంగతి. కుర్రాడి కోరికా వాళ్లకి తెలుసు, పిల్లల తల్లి అవసరమూ తెలుసు. రెండోదానికే ఎక్కువ కాలం పోరాడారు.

మూడోది ఫ్రాన్సులో, 1984లో వచ్చిన రెనో ఎస్పాస్. మొదటి నెల అమ్ముడైనవి తొమ్మిదంటే తొమ్మిదే. ఆ తర్వాత యూరప్‌లో ప్రతి కంపెనీ దాని వెంట పడింది.

వీటికి ముందూ ప్రయత్నాలున్నాయి. హాలండ్ వ్యాపారి బెన్ పాన్ 1947లో తన నోటుబుక్కులో గీసిన డబ్బా బొమ్మ 1950కి ఫోక్స్‌వాగన్ వ్యాను అయింది. 1956లో ఇటలీలో ఫియట్ 600 మల్టిప్లా వచ్చింది. దాదాపు మూడున్నర మీటర్ల కారులో మూడు వరసల సీట్లు. కాని ఇల్లాలికి, పిల్లలకి, తాతమ్మలకి అని లెక్కవేసి చేసిన బండి లోకమంతటా జనం చేతికి అందింది ఎనభైల మొదట్లోనే.

మన గంజాం సంగతికి వద్దాం. ఇక్కడి తెలుగువాళ్ల చుట్టరికాలకి ఒక చరిత్ర ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయినప్పుడు, అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం ఒడిశాలోకి వెళ్లింది. ఇచ్ఛాపురం, సోంపేట మద్రాసు వైపే ఉండిపోయాయి. ఊళ్లు విడిపోయాయి గానీ పెళ్లిళ్లు ఆగలేదు. బరంపురం అమ్మాయి శ్రీకాకుళం కోడలు, పలాస పిల్ల బరంపురం కోడలు. పాతిక కిలోమీటర్ల ఇచ్ఛాపురానికి, రెండొందల అరవై కిలోమీటర్ల విశాఖపట్నానికి రాకపోకలు ఏడాది పొడుగునా ఉంటాయి. అరసవల్లి, శ్రీకూర్మం, సింహాచలం మొక్కులు. రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి యాత్రకి అటు నుంచి ఇటు చుట్టాలు. ఈ ప్రయాణాలు ఒక్కరు చేసేవి కావు, ఇంటిల్లిపాదీ చేసేవి.

వ్యాను రాకముందు ఇంటిల్లిపాదీ రోడ్డు మీద వెళ్లాలంటే ముఖ్యంగా రెండే దారులు. బస్సు, లేదా ట్రెక్కరు. హిందుస్థాన్ మోటార్స్ వారి ట్రెక్కరు ఒడిశా పల్లెదారుల్లో రాజ్యమేలిన బండి. పక్కలు తెరిచి ఉండేవి, వానొస్తే తడవాలి, దుమ్మొస్తే మింగాలి. వెనక వేలాడేవాళ్లు, కప్పెక్కి కూర్చునేవాళ్లు. ఒళ్లు నొప్పులున్న పెద్దవాళ్లకి, చంటిపిల్లల తల్లులకి అది శిక్షే. అంబాసిడర్ టాక్సీ ఉండేది గానీ కుటుంబం పెద్దదైతే ఒకటి చాలదు, రెండంటే ఖర్చు.

వ్యాను ఈ లెక్కని మార్చేసింది. చైత్రమాసంలో మంగళవారాలు తారాతారిణి కొండకి వెళ్లేవాళ్లని చూడండి. పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య ఒడ్డున ఉన్న ఆ కొండ మీద పిల్లలకి పుట్టువెంట్రుకలు ఇస్తారు. బిడ్డ, తల్లీతండ్రీ, అటు తాతా మామ్మా, ఇటు తాతా అమ్మమ్మా, మేనమామ. ఎనిమిది మంది. వీళ్లలో ఎవర్ని వదిలేసి వెళ్తారు? ప్రసాదం గిన్నెలు, బిడ్డ బట్టలు, మంచినీళ్ల కూజా, దార్లో తినడానికి పులిహోర. సీటు కింద కొంత, కాళ్ల దగ్గర కొంత, వెనక తలుపు దగ్గర కొంత సర్దుకుని తెల్లారగట్లే బయల్దేరితే అందరూ ఒకే చోట, ఒకే మాటల్లో. రెండు బండ్లలో వెళ్తే ముందు బండివాళ్లు ఎక్కడ ఆగారో వెనక బండివాళ్లకి తెలియని రోజులు అవి.

వారం మధ్యలో అదే బండికి ఇంకో బతుకు. మా వీధి చివర ఒకాయన పట్టుచీరల వ్యాపారి. సోమవారం పొద్దున వెనక సీటు బోల్టులు విప్పి అరుగు మీద పెట్టేవారు. మూటలు నింపుకుని అస్కా, ఛత్రపూర్ దుకాణాలకి. శనివారం సాయంత్రం మళ్లీ అదే సీటు, అవే బోల్టులు, ఆయన కొడుకు చేతిలో స్పానరు. ఆదివారం గోపాల్‌పూర్ సముద్రం. ఒక కారు, ఒక సరుకుబండి రెండూ కొనే స్తోమత లేని ఇంటికి ఒకే బండి రెండు పనులు చేసిపెట్టింది. సూరత్ మరమగ్గాల నుంచి సెలవుకి వచ్చే గంజాం కుర్రాళ్లు బరంపురం స్టేషన్లో దిగి, నలుగురైదుగురు కలిసి, పెట్టెలు కప్పు మీద కట్టించుకుని భంజనగర్ వైపు వెళ్లిందీ ఇలాంటి బండ్లలోనే.

దగ్గరగా చూస్తే దాని పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. ముందు సీటు ఎత్తితే ఇంజను కనిపిస్తుంది. బాగుచెయ్యడానికి మెకానిక్కు బండి పక్కన నిలబడితే చాలు. సీట్ల కింది ఇంజను నుంచి షాఫ్టు వెనక చక్రాలకి వెళ్తుంది, వెనక కమాను పట్టీలు, కాబట్టి బరువెక్కినా లాగుతుంది. చక్రాల మధ్య దూరం 1840 మిల్లీమీటర్లే, అందుకే ఇరుకు సందులో ఒక్క విసురుకి తిరిగేస్తుంది. మే నెల ఎండలో సీటు కింది వేడికి డ్రైవరు తువ్వాలు నాలుగు మడతలేసి కూర్చునేవాడు, అది నిజమే. పొడవాటి గేరు రాడ్డు ఎక్కడో దూరం నుంచి పని చేస్తున్నట్టుండేది, అదీ నిజమే.

అన్నిటికంటే పెద్ద లోపం వేరే ఉంది. దాన్ని ప్రేమించేవాళ్లమే ముందు చెప్పాలి. డ్రైవరు మోకాళ్లకీ ఎదురొచ్చే లారీకీ మధ్య ఒక్క రేకు. స్పెర్లిచ్ పట్టుబట్టిన ముక్కు దీనికి లేదు. రెండు వరసల రోడ్డు మీద, రాత్రిపూట, ఈ లోటు ఎంత ఖరీదైనదో హైవే పక్క ఊళ్లవాళ్లకి చెప్పక్కర్లేదు. ఎనిమిది మంది పట్టే బండిలో పదిహేను మంది బడిపిల్లల్ని కూరడం బండి తప్పు కాదు గానీ ఆ బండి పిల్లల్ని కాపాడే స్థితిలోనూ లేదు. 2019లో కొత్త ప్రమాద భద్రతా నిబంధనలు పాత మోడళ్లకీ తప్పనిసరి అయ్యాయి. ఆ ఆకారాన్ని వాటికి తగ్గట్టు మార్చడం కుదరదు కనక ఆమ్నీ తయారీ ఆగిపోయింది. ఆపడం న్యాయమే. అందులో ప్రయాణం చేసిన నా వాళ్లందరూ క్షేమంగా దిగడం అదృష్టమని ఇప్పుడు అనుకుంటాను.

మరి ఇంత పనికొచ్చే బండికి చిన్నచూపు ఎందుకు? మా వైపు పెళ్లిళ్లు చూస్తే అర్థమవుతుంది. పెళ్లికొడుకుకి పూలదండలు కట్టిన అంబాసిడర్. వ్యానులో వంటసామాను, సన్నాయి మేళం, పెద్దమ్మలు, పిల్లలు. బానెట్ ఉన్న బండిలో ఒక మనిషి ఊరేగుతాడు, బానెట్ లేని బండిలో ఇల్లంతా వెళ్తుంది. చూసేవాళ్లు ఊరేగేవాణ్ణే చూస్తారు. అమెరికాలోనూ ఇదే జరిగింది. 2000 సంవత్సరంలో అక్కడ 13 లక్షలకు పైగా మినీవ్యాన్లు అమ్ముడయ్యాయి. ఆ తర్వాత అందులో సగం కూడా నిలబడలేదు. పిల్లల్ని ఆటలకి దింపే అమ్మల బండి అని దానికి ముద్ర పడింది. వెనక సీట్లో పెరిగిన పిల్లలు తమ వంతు వచ్చేసరికి ఎత్తు చక్రాల ఎస్‌యూవీలు కొనుక్కున్నారు. ఆ పిల్లల తల్లిదండ్రులు ముప్పై ఏళ్ల కిందట తమ తల్లిదండ్రుల స్టేషన్ వ్యాగన్‌ని అలాగే కాదనుకున్నారు. అమ్మానాన్నల పనిబండి పిల్లలకి చిన్నతనంగా అనిపించడం ప్రతి తరంలోనూ జరిగేదే. అమెరికాలో మన తెలుగు కుటుంబాలు మాత్రం, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉండే ఇళ్లు కాబట్టి, హోండా ఒడిస్సీనీ టయోటా సియెన్నానీ గట్టిగానే పట్టుకున్నాయి.

మన దగ్గర కంపెనీలు ఈ చిన్నచూపుని దాటడానికి పడ్డ పాట్లు చూడదగ్గవి. 2001లో మారుతి వెర్సా తెచ్చింది. చిన్న ముక్కు, ముందూ వెనకా ఏసీ, ప్రకటనలో అమితాబ్, అభిషేక్ బచ్చన్‌లు. హంగు ఎక్కువైంది, ధర ఎక్కువైంది, కొనేవాళ్లు రాలేదు. 2010లో అదే బండి హంగులన్నీ ఊడదీసి, 1.2 లీటర్ల ఇంజను పెట్టి, ఈకో అని తక్కువ ధరకి ఇచ్చారు. పది లక్షలు దాటి అమ్ముడైంది, ఇంకా అమ్ముడవుతోంది. ఇందులో నాకు తోచేది ఒకటే. వ్యాను కొనేవాడు గొప్ప కోసం రాడు, చోటు కోసం వస్తాడు. అతనికి చోటు అమ్మినప్పుడు బండి నిలబడింది, గొప్ప అమ్మబోయినప్పుడు పడిపోయింది. ఈకోకి భద్రతలో మాత్రం మంచి మార్కులు పడలేదు. 2016లో బండ్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గుద్ది చూసినప్పుడు దానికి ఒక్క స్టారూ రాలేదు.

టయోటా ఇంకో దారి పట్టింది. ఇండోనేషియాలో 1977 నుంచి కిజాంగ్ పేరుతో పెద్ద కుటుంబాల్ని మోసిన బండిని 2000లో క్వాలిస్‌గా ఇక్కడికి తెచ్చింది, 2005లో దాని చోటులో ఇన్నోవా పెట్టింది. బానెట్ ఉంది, లోపల మూడు వరసలున్నాయి. మంత్రులు ఎక్కారు, సినిమావాళ్లు ఎక్కారు, విశాఖ ఆస్పత్రులకి రోగుల్ని తీసుకెళ్లే ట్రావెల్స్‌వాళ్లూ ఎక్కారు. 2012 ఏప్రిల్లో మారుతి ఎర్టిగా వచ్చింది. స్విఫ్ట్ కారు కింది భాగాన్నే సాగదీసి ఏడుగురికి సీట్లు. మొదట దాన్ని పెద్దగా పొగిడినవాళ్లు లేరు. 2024 సెప్టెంబరుకి దేశం మొత్తం మీద ఆ నెల అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు అదే. అదే ఎర్టిగాకి ఎస్‌యూవీ ముఖం తొడిగి, నేల నుంచి కొంచెం ఎత్తి, ఎక్స్ఎల్6 అని 2019లో ఇంకో ధరకి అమ్మారు. అదే ఏడాది వచ్చిన రెనో ట్రైబర్‌ని నేను మెచ్చుకుంటాను. నాలుగు మీటర్ల లోపు కారులో మూడు వరసలు, మూడో వరస సీట్లు పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టుకోవచ్చు. మా వీధి చీరల వ్యాపారి స్పానరుతో చేసిన పని ఇప్పుడు చేతులతో అయిపోతుంది. 2021లో అది పెద్దవాళ్ల భద్రతలో నాలుగు స్టార్లు తెచ్చుకుంది. ముక్కు, ఎయిర్ బ్యాగులు, మూడు వరసలు అన్నీ ఉన్న చిన్న బండి సాధ్యమేనని తేలింది.

తెలుగు నేల మీదా ఈ కథకి ఒక మజిలీ ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ఖానా ఉంది. 2022లో వచ్చిన మూడు వరసల కరెన్స్ అక్కడిదే, 2020లో పెద్ద వ్యాను కార్నివాల్ అమర్చిందీ అక్కడే. కరెన్స్‌ని కూడా వ్యాను అని పిలవడానికి కంపెనీకి మనసు రాలేదు, విహారాల బండి అంది.

కొనబోయేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇది. షోరూముకి ఇంట్లో పెద్దావిణ్ణి వెంట తీసుకెళ్లండి. ముందు సీట్లో కాదు, రెండో వరసలో కూర్చోబెట్టండి, చీరతో ఎన్నిసార్లు తడబడ్డారో చూడండి. పన్నెండేళ్ల పిల్లని మూడో వరసకి పంపండి, అక్కడ ఏసీ గాలి తగులుతోందా అడగండి. మూడు వరసలూ నిండాక వెనక తలుపు దగ్గర రెండు సంచులు పడతాయా లేదా, టేపు పెట్టి కొలవండి. మూడో వరస తలకీ వెనక అద్దానికీ మధ్య ఎంత ఎడం ఉందో చూడండి. వెనక నుంచి లారీ తగిలితే దెబ్బ పడేది అక్కడే.

చివరగా, పక్కకి జారే తలుపు సంగతి. ఈకోకి అది ఉంది, 2024లో ఆరు లక్షలకి అటూ ఇటూగా దొరికేది. 2024లో వచ్చిన కొత్త కార్నివాల్‌కీ ఉంది, వచ్చినప్పుడు దాని ధర 63.90 లక్షలు. మామూలు ఉద్యోగి, చిన్న వ్యాపారి కొనే ధరల్లో ఎర్టిగా, ట్రైబర్, కరెన్స్ అన్నిటికీ బయటికి తెరుచుకునే తలుపులే. జారే తలుపు చూస్తే వ్యాను గుర్తొస్తుందని, కొనేవాడు వెనక్కి తగ్గుతాడని కంపెనీల భయం కాబోలు. మా వీధులు మాత్రం వెడల్పు కాలేదు, అరుగులు అక్కడే ఉన్నాయి, ఆటోలు రెట్టింపయ్యాయి. ముక్కు, ఎయిర్ బ్యాగులు, మూడు వరసలు ఉంచి, పన్నెండు లక్షల్లో ఒక్క జారే తలుపు పెట్టి ఇవ్వండి. దాని ముఖం ఎలా ఉన్నా కొనేవాళ్లు బరంపురంలోనే బోలెడుమంది ఉన్నారు.